కుడి చెవికి ఒక్క చీలిక

మహబూబ్‌నగర్,
20 ఆగస్టు 1961

అక్కా,

నువ్వు పిరికిదానివి. ముందు యోగక్షేమాలు అడిగి, తర్వాత మెల్లగా ఈ మాట అనవచ్చు. కానీ పదిహేడేండ్లుగా మనవాళ్లంతా మర్యాదగానే ఉన్నారు. ఆ మర్యాద వల్లనే ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

1944 ఎండాకాలం. కురుమల కులపెద్ద చెన్నయ్య తన గొర్రెల దొడ్డి ముందర ఊరిని కూర్చోబెట్టి, నీ మరిది బీరన్న మీద నేరం మోపాడు. గొర్రెపిల్లను దాచాడట. గొర్రెలకు గుర్తు పెట్టే కత్తితోనే బీరన్న ఎడమ చెవికి రెండు గాట్లు పెట్టాడు. అది తన మంద గుర్తు. "నా జీతగాడు నా గొర్రె లెక్కనే" అన్నాడట. పిల్లను ఎవరూ దాచలేదని ఊరందరికీ తెలుసు. చెన్నయ్య చెల్లెలు గోపమ్మ, బీరన్న ఒకరినొకరు కోరుకున్నారు. నేరం అది. నెల తిరగకముందే గోపమ్మను అమ్రాబాద్ అడవి పక్కకు ఎవరికో ఇచ్చి పంపారు. రెండో ఏడు జ్వరంతో పోయింది.

ఆ రోజు నువ్వు నీళ్ల బిందె చంకలో పెట్టుకొని చూస్తూ నిలబడ్డావు. ఒక్క మాట అన్నావా? కనీసం బిందె కింద దించావా?

నువ్వు అనని మాట నేను అంటున్నాను. "చెవికోత" అని నవల రాస్తున్నాను. హైదరాబాద్ వారపత్రికలో పద్నాలుగు భాగాలు వచ్చాయి. చెన్నయ్యను దొరను చేశాను, దొడ్డిని గడిని చేశాను. చెన్నయ్య ఉట్టి నకలు. ఆ పెత్తనం ఎక్కడ నేర్చుకున్నాడో చూపాలంటే గడి కావాలి. పాడుబడ్డ గడి మేడ మీద చచ్చిపోయిన పిల్ల తెల్లగా తిరుగుతుంటుంది. దయ్యాలను నేను నమ్మను. కానీ మనవాళ్లు దయ్యం కనబడితే తప్ప అన్యాయం జరిగిందని నమ్మరు, ఏం చేయమంటావు? చెవి తెగినవాడు పట్నం పోయి సంపాదించి తిరిగి వచ్చి, దొర గడిని, మందను, చివరికి దొర కొడుకును కూడా తన చేతి కిందికి తెచ్చుకున్నాడు. ఇక మిగిలింది ముగింపు. దాన్ని పత్రికవాళ్లు దీపావళి సంచికకని ఆపి ఉంచారు. ఏం జరగాలో నాకు తెలుసు. ఏ చోట, ఏ చెవికి, ఎన్ని గాట్లు పడ్డాయో అవన్నీ దొర కొడుకుకు పడాలి.

మీ రాళ్లకుంటకు పత్రిక వస్తుందా? ఎవరైనా చదువుతున్నారా?

కోపం తగ్గని తమ్ముడు,
గుర్వయ్య


రాళ్లకుంట,
4 సెప్టెంబరు 1961

తమ్మీ గుర్వయ్యా,

తిట్టడానికైనా కవరు కొన్నావు, సంతోషం. ఇంతకు ముందు రెండేండ్ల నుంచి కార్డు కూడా లేదు. ఇక్కడ వానలు సన్నగా పడుతున్నాయి. గొర్రెలకు గాలికుంటు వచ్చి పోయింది. నా మోకాలు నొప్పి అట్లనే ఉంది.

దొరల మీద సంఘం పెట్టిన రోజుల్లో నువ్వు నేర్పిన పుస్తకం భాషలోనే రాస్తున్నా. మనుషుల నోటి మాటలు మాత్రం నోట్లోనుంచి వచ్చినట్టే రాస్తా, వాటిని దిద్దడం నాకు రాదు.

నిలబడ్డ మాట నిజమే. బిందె దించలేదు. నీకు ఈ సంగతి చెప్పింది కూడా నేనే కదా, నువ్వప్పుడు హైదరాబాద్‌ల హాస్టల్‌ల ఉంటివి. చెప్పినదాన్నే పిరికిదన్నావు. అననియ్యి.

పత్రిక వస్తుంది. దర్జీ యాదగిరి తిరుమలగిరి అంగడికి పోయిననాడు తెస్తాడు. మిషను ఆపి గట్టిగా చదువుతాడు. ఆయన వాకిట్లో ముప్పై మంది కూర్చుంటారు. మొదటి వారం "మనూర్ల గడేడుందిర?" అని లచ్చయ్య తాత అడిగాడు. "నీ బుర్రల ఉంది, ఊకె ఇను" అన్నాడు యాదగిరి. మేడ మీద దయ్యం తిరిగిన వారం ఆడోళ్లెవరూ రాత్రి బయటికి రాలేదు, నిన్ను మెచ్చుకోవాలె. కానీ నాలుగో వారానికి అందరికీ ఎరుకైంది. దొర ఎవరో, చెవి ఎవరిదో. బీరన్నకు మొదటి వారమే ఎరుకైంది. గొంగడి తల మీదికి లాక్కొని గోడ పక్కన కూర్చుంటాడు. ఒక్క వారం తప్పలేదు.

నువ్వు రాసిన దాంట్లో కొంత అచ్చం అట్లనే అయింది. బీరన్న పట్నంలో గొర్రెల బేరం చేసి వచ్చి, ముందు ఊరి చుట్టూ గొర్రెలు మేసే కంచెలన్నీ కౌలుకు పట్టాడు. చెన్నయ్య మందకు మేత లేకుండా పోయింది. చెన్నయ్య అంగడిలో అమ్మిన ప్రతి జీవాన్ని మనుషులను పెట్టి కొనిపించాడు. ఎడమ చెవికి చెన్నయ్య రెండు గాట్లు ఉన్న గొర్రెలకు కుడి చెవికి తన చీలిక పెట్టాడు. కుడి చెవికి ఒక్క చీలిక, అది మా ఇంటి గుర్తు. ఆరేండ్లలో చెన్నయ్య దొడ్డి ఖాళీ. రెండేండ్ల కింద చెన్నయ్య చనిపోయాడు. ఆయన కొడుకు యాదయ్యకు ఇరవై రెండు. చిన్నప్పటి నుంచి మేపిన గొర్రెలు ఎక్కడుంటే అక్కడికే వచ్చాడు. ఇప్పుడు బీరన్న దగ్గర జీతగాడు. వాకిట్లో కూర్చొని తింటాడు. లోపలికి రమ్మని నేను పిలిస్తే బీరన్న లేచి పోతాడు.

ఒక్క సంతు గొర్రెలకు మాత్రం బీరన్న చెవులు కోయడు. అవి గోపమ్మ పెంచిన గొర్రె పిల్లల పిల్లలు. ఏడాదికోసారి అమ్రాబాద్ నడిచి పోయి ఆమెను పెట్టిన జాగాలో ఒక రాయి పెట్టి వస్తాడు. "గోపమ్మ మందల నడుస్తాంది వదినె, ఎనుక సూడకు" అంటాడు నాతో. నేను చూడను.

ముగింపు మార్చు తమ్మీ. చెవి కోయనియ్యకు. నేను అడిగేది ఇదొక్కటే.

మీ అక్క,
సోమమ్మ


మహబూబ్‌నగర్,
15 సెప్టెంబరు 1961

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇది ఎవరు రాయించారో చెప్పు. "ముగింపు మార్చు" అనే మాట నీది కాదు. కులపెద్దలు కూర్చున్నారా? చెన్నయ్య తల్లి నర్సింగమ్మ ఏడ్చుకుంటూ వచ్చిందా? ఇంత నున్నటి భాష నువ్వు ఎప్పుడు రాశావు?

సూటిగా మాట్లాడుకుందాం. మన కథలన్నిటిలో ఏం జరుగుతుంది? పెద్దోడు కొడతాడు. చిన్నోడు ఏడుస్తాడు. చిన్నోడికి బలం వచ్చే సమయానికి రచయితకు జాలి పుట్టుకొస్తుంది. చేయి ఎత్తినవాడు పాత ప్రేమ గుర్తొచ్చి చేయి దించుతాడు, కండ్లు తుడుచుకుంటాడు, చదివేవాళ్లు హాయిగా నిద్రపోతారు. పశ్చాత్తాపం ఎప్పుడూ కింద పడ్డవాడి ఒంతుకే ఎందుకు వస్తుంది? చెన్నయ్య పడ్డాడా పశ్చాత్తాపం? నేను ఊరికి వచ్చినప్పుడల్లా, ఆ కత్తి ఇంకా ఆయన చూరులోనే ఉందని నువ్వే చెప్పేదానివి. పశ్చాత్తాపం దొరలకు పనికివచ్చే సరుకు. నా అంగట్లో అది దొరకదు.

యాదయ్య మీద నాకు పగ లేదు. యాదయ్య నా నవలలో లేడు. దొర కొడుకు ఉన్నాడు. ఇద్దరినీ కలిపి చూస్తే తప్పు చూసేవాళ్లది.

బీరన్న బావ ప్రతి వారం వచ్చి విన్నాడని రాశావు. ఇరవై ఏండ్ల నుంచి రాస్తున్నాను, ఇంత గౌరవం నాకు ఎవరూ ఇవ్వలేదు. ఆయనకు చెప్పు, ఆయన పక్షాన రాసేవాడు ఒకడున్నాడని.

మోకాలికి నువ్వుల నూనె రాయి. దవాఖానకు పోవడానికి బద్ధకించకు.

నీ తమ్ముడు,
గుర్వయ్య


రాళ్లకుంట,
2 అక్టోబరు 1961

తమ్మీ,

ఎవరూ రాయించలేదు. నున్నగా రాసిన తప్పు నీదే, నువ్వే దిద్దించినవు.

నీకు అర్థమయ్యేటట్టు చెప్పలేకపోయిన, మళ్లీ చెబుతా. బీరన్న కథ వింటలేడు. కబురు కోసం చూస్తున్నాడు.

మొన్న నేను జొన్న గట్క కలుపుతుంటే వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు. మాట్లాడింది మాట్లాడినట్టు రాస్తున్నా.

"వదినె, నీ తమ్ముడు ఆకరికి ఏం రాస్తడు?"

"నాకేమెరుక? ఏం రాస్తె నీకెందుకు?"

"ఈసారి దీపావళి తెల్లారి గొర్రెపిల్లల చెవులు కోసుడు ఉంది గద. గప్పుడు గీ పోరన్ని గూడ కూసోబెడ్దామనుకున్న. రెండేండ్ల సంది అనుకుంటనే ఉన్న. మనసు వస్తలేదు."

"రాకపోతె ఊకో."

"ఊకుంటె గామె మందల నిలవడి సూస్తది. కోస్తనంటె గూడ సూస్తది. నాకు తెల్వకుంట అయితాంది. నీ తమ్ముడు సదువుకున్నోడు. నా లోపలిదంత నాకంటె మంచిగ రాసిండు. ఆయన కొయ్యిమంటె కోస్త. ఇడిసిపెట్టుమంటె ఇడిసిపెడ్త. నాకు ఇగ ఫికర్ లేదు."

ఫికర్ లేదంటూనే కత్తి తీశాడు. పాత కత్తి కాదు, కొత్తది చేయించాడు. ఇసుకరాయి మీద మూడు దినాల నుంచి నూరుతున్నాడు, ఉమ్మి వేసి మరీ నూరుతున్నాడు. పెండ్లికి నూరినట్టు మెల్లగా, పాట పాడుకుంటూ. యాదయ్య ఎదురుగానే ఉన్నాడు. చెవులు కోసేనాడు పిల్లలను ఒక్కొక్కటే పట్టి తెచ్చి బీరన్న ఒళ్లో పెట్టేది యాదయ్యే. ఆ పోరడు పిల్లను ఇచ్చేటప్పుడు ఎప్పుడూ దాని కండ్ల మీద అరచేయి పెట్టి ఇస్తాడు, బెదరకుండా. అసొంటి పోరడు వాడు.

కింద పడ్డోడు గెలవాలంటవు, ఆ గెలుపు ఏందో నాకు తెలవదు. చివర మూడు పంక్తులు మార్చు. కత్తి పారేశాడని రాయి. పారేయడానికి కారణం నువ్వు చెప్పకున్నా సరే, ఇక్కడోళ్లు ఎవరూ అడగరు. ఆయన మనసు సగం దాకా వచ్చే ఉంది. ఆ మిగిలిన సగం నీ చేతిలో పెట్టాడు.

తిరుగు టప్పాలో జవాబు రాయి.

మీ అక్క,
సోమమ్మ


మహబూబ్‌నగర్,
16 అక్టోబరు 1961

అక్కా,

కార్డే రాస్తున్నాను, పరీక్ష పేపర్లు దిద్దాలి. నీ ఉత్తరం నన్ను కుదిపేసింది. దాన్ని ముందు పెట్టుకొని చివరి భాగం మొత్తం తిరగరాసి నిన్ననే పత్రికకు పంపాను. అంతకు ముందు రాసింది చింపేశాను. ఇప్పుడు కుదిరింది. దీపావళి సంచిక చూడు, నీ మాట నేను ఎంత విన్నానో నీకే తెలుస్తుంది.

గుర్వయ్య


రాళ్లకుంట,
27 అక్టోబరు 1961

తమ్మీ,

కార్డు అందింది. చదివి ఏడ్చిన, నవ్విన. నువ్వు చిన్నప్పుడు ఎంత మొండోడివో, అడిగితే అంత మెత్తబడేటోడివి. నేనే మరిచిపోయిన.

బీరన్నకు ఏమీ చెప్పలేదు. "పత్రిక వచ్చేదాక ఆగు, మంచిగ రాసిండట" అన్న. అంతే. యాదగిరికి కూడా చెప్పి పెట్టిన, పత్రిక బస్సు దిగంగనే దుకాణానికి కాదు, దొడ్డి కాడికే తెచ్చి చదవమని. అందరూ అక్కడనే ఉంటారు కదా. బీరన్న చేయి ఆపి వింటే అయిపోతుంది.

నీకు ఒక గొంగడి నేయిస్తున్నా. నల్లది. చలికాలం లోపల పంపిస్తా.

మీ అక్క


రాళ్లకుంట,
14 నవంబరు 1961

గుర్వయ్యా,

జరిగింది జరిగినట్టు రాస్తా. మధ్యలో నిన్ను తిట్టను.

దీపావళి తెల్లారి పొద్దుగాలనే చెవులు కోసుడు మొదలుపెట్టారు. యాదయ్య పట్టి తెస్తున్నాడు, బీరన్న కోస్తున్నాడు. ఎడమ చేత్తో తల తిప్పుడు, కుడి చెవి పట్టుడు, ఒక్క చీలిక, పసుపు అద్దుడు. పొద్దు నెత్తి మీదికి వచ్చి పగటీలి అయ్యేసరికి నలభై పిల్లలు అయినాయి. అప్పుడు బస్సు వచ్చింది. యాదగిరి పత్రిక ఊపుకుంటూ వచ్చాడు. నేనే బీరన్న పక్కన కూర్చున్నా. "చెయ్యి ఆపి విను" అన్నా.

చదివాడు. మూడు దినాలు ఇసుకరాయి మీద ఉమ్మి వేసి నూరిన కత్తి. పెండ్లికి నూరినట్టు పాట. దొర కొడుకు పిల్లలను ఒక్కొక్కటే ఒళ్లో పెట్టుడు. పెట్టేటప్పుడు పిల్ల కండ్ల మీద అరచేయి. నా ఉత్తరమే అది. నా ఉత్తరాన్ని యాదగిరి ఊరందరికీ చదివి వినిపిస్తున్నాడు. ఆ వెనక దొర కొడుకు తల వంచుడు, ఎడమ చెవికి రెండు గాట్లు, జనం చప్పట్లు.

మధ్యలోనే నేను లేచి "యాదగిరీ, ఆపుర" అన్న. ఈసారి నోరు తెరిచిన. "ఆగు సోమక్కా, గిప్పుడే మజా ఉంది" అన్నాడు.

చదువుడు అయిపోయింది. లచ్చయ్య తాత నవ్వాడు. "గదేందిర? కోసినంక గా పోరనికి బువ్వెవలు పెడ్తరు? గుర్తు పెట్టినంక ఇంటోడు గాడా? రాసినోడు కురుమోడేనా?" అన్నాడు. అందరూ నవ్వారు. బీరన్న నవ్వలేదు.

యాదయ్య చేతిలో ఉన్న పిల్లను కింద దించాడు. రుమాలు విప్పి తనే వచ్చి బీరన్న ముందర కూర్చున్నాడు. "కానియ్యి మామా. నువ్వు కత్తి నూరేది సూసి సూసి నాకు ఇసుగొచ్చింది. ఇయ్యాల గాకుంటె రేపు. గీ ఒక్కటి గూడ అయిపోతె నాకు నిద్రపడ్తది."

బీరన్న కోశాడు. నేను ఆయన చేయి పట్టుకునేలోపలే అయిపోయింది. నలభై పిల్లలను కోసిన చేయి కదా. ఎడమ చేత్తో తల తిప్పింది, కుడి చెవి పట్టింది, ఒక్క చీలిక. రక్తం కారుతుంటే పసుపు కూడా అద్దింది. అప్పుడు చూసుకున్నాడు బీరన్న. కుడి చెవి. ఒక్క చీలిక. మా ఇంటి గుర్తు.

"గిది గాదు" అన్నాడు. "గిది గాదు నేను కోద్దామన్నది." ఎడమ చెవి వైపు కత్తి లేపాడు. లేపినట్టే ఉంచాడు.

చెన్నయ్య తల్లి నర్సింగమ్మ దొడ్డి పక్కింట్లోనే ఉంటది. ఎనభై దాటినయి. కండ్లు కనపడవు. చప్పుడు విని కట్టె పట్టుకొని వచ్చింది. ఎవరూ జరగమనలేదు, అందరూ జరిగారు. మనుమని తల పట్టుకొని ముందు ఎడమ చెవి తడిమింది, తర్వాత కుడి చెవి.

"ఒక్కటి. కుడి పక్కకు" అన్నది. "గిది మీ మంద గుర్తు బీరన్నా. గుర్తు పెట్టినంక జీవం పెట్టినోనిదే. ఇగ గీడు నా ఇంటోడు గాదు. నీ ఇంటోడు. లోపట కూసోబెట్టి బువ్వ పెట్టు. వాకిట్ల గాదు."

ఆమె చేయి గాలిలో వెతుక్కుంటూ వచ్చి బీరన్న గొంగడి మీద పడ్డది. గొంగడి లాగేసి ఎడమ చెవి పట్టుకున్నది. పదిహేడేండ్లలో ఆ చెవిని ఎవరూ ముట్టుకోలేదు. నేను కూడా ముట్టుకోలేదు.

"రెండు. గివి మావి. పెట్టినోడు నా కొడుకు, ఆడు తప్పే జేసిండు, పోయిండు. గుర్తు మాత్రం నా అత్తగారింటిది. తప్పిపోయిన జీవం దొరికితె దొడ్లెకు తోలుకపోతం. నా బిడ్డనైతె తోలుకరాకపోతి. లే. నడువు."

బీరన్న లేచాడు. ఆమె కట్టె కొస పట్టుకొని ఆమె వెనక పోయాడు. ఆ ఖాళీ దొడ్డిలో కూర్చున్నాడు. అయిదు దినాలు అయింది. నర్సింగమ్మ పెట్టినా తినడు, నేను తీసుకపోయినా తినడు. ఏడవడు. తప్పయింది అనడు. నీళ్లు మాత్రం తాగుతున్నాడు.

యాదయ్య చెవి వాచింది. తిరుమలగిరి దవాఖానకు తీసుకపోయి సూది ఇప్పించిన.

పత్రిక నా దగ్గరనే ఉంది.

సోమమ్మ


మహబూబ్‌నగర్,
22 నవంబరు 1961

అక్కా,

ఏమని మొదలుపెట్టాలో తెలియదు. నా జీవితంలో ఈ మాట మొదటిసారి రాస్తున్నాను.

నిజం చెబుతాను. బీరన్న కత్తి నూరుతున్నాడని నువ్వు రాసిన ఉత్తరం అందిన రోజు నాకు భయం వేయలేదు, సంబరం వేసింది. ఆ కత్తి, ఆ పాట, ఆ అరచేయి. పద్నాలుగు భాగాల్లో నేను రాయలేనిది నువ్వు పొయ్యి పక్కన కూర్చొని రాశావు. తీసుకున్నాను. నీకు గౌరవం ఇస్తున్నానని కూడా అనుకున్నాను. "నీ మాట విన్నాను" అని కార్డు రాసినప్పుడు నేను అబద్ధమాడలేదు, అది ఇంకా ఘోరం. నువ్వు ఏమడిగావో నేను అసలు చదవనే లేదు. ఎట్లా రాశావో చదివాను. ఆ కార్డు నీకు ఎట్లా అర్థమైందో నీ జవాబులోనే ఉంది. పత్రికకు తంతి కొట్టడానికి అప్పటికి ఇంకా పది రోజులు ఉన్నాయి. తపాలా ఆఫీసు మా బడి ఎదురుగానే ఉంది. పోలేదు. సంచిక ఆగిపోతుందేమోనని పోలేదు.

అయినా ఒక్క మాట అడుగుతాను, కోపం చేయకు. చెవి కోసింది నేనా? పదిహేడేండ్లు ఆ ఊరు చేసిందేమిటి? చెన్నయ్య కత్తి పట్టినప్పుడు నా నవల లేదు కదా?

సరే, ఈ వాదన ఇక్కడ ఆపుతాను. నా చేతిలో ఉన్నది ఒక్కటే. నవలను పుస్తకంగా వేయడానికి విజయవాడలో ఒకరు ముందుకు వచ్చారు. ముగింపు మార్చి ఇస్తాను. పశ్చాత్తాపం దొరల సరుకని రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. గుడ్డి అవ్వ వచ్చి చెవి తడమడం, తప్పిపోయినవాడు కట్టె కొస పట్టుకొని పోవడం, ఇంతకంటే గొప్ప ముగింపు ఎవరూ ఊహించలేరు. నాకు కొన్ని వివరాలు కావాలి. నర్సింగమ్మ ఏ చేత్తో తడిమింది? బావ లేచేటప్పుడు కత్తి ఎక్కడ పెట్టాడు? దొడ్డిలో ఎటు ముఖం పెట్టి కూర్చున్నాడు? ఏమైనా అంటే ఆ మాట ఉన్నదున్నట్టు రాయి. ఆయన పడుతున్న బాధ లోకానికి తెలియాలి. నేను చేసిన దానికి అదే ప్రాయశ్చిత్తం.

తల వంచిన తమ్ముడు,
గుర్వయ్య


రాళ్లకుంట,
12 డిసెంబరు 1961

గుర్వయ్యా,

బీరన్న నవంబరు 29న పోయాడు. ఇరవై దినాలు తినలేదు.

చివరి రెండు దినాలు యాదయ్య పక్కన కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు, తనే వచ్చాడు. బీరన్న ఒక్కసారి కండ్లు తెరిచి "పిల్లల చెవులు మానినయా?" అని అడిగాడు. "మానినయ్ మామా, ఒక్కటి దప్ప" అన్నాడు యాదయ్య. బీరన్న నవ్వినట్టే నాకు అనిపించింది. నొప్పి వల్ల అయి ఉండొచ్చు. నాకు తెలవదు. యాదయ్యకు కూడా తెలవదట.

పెండ్లాం పిల్లలు లేరు, అన్న ముందే పోయె, మట్టి ఎవరు పెట్టాలని కులంలో లొల్లి అయింది. మా గుర్తు ఉన్నోడు యాదయ్య కాబట్టి మా ఇంటి కొడుకు లెక్క, వాడే పెట్టాలని లచ్చయ్య తాత అన్నాడు. తమ గుర్తు ఉన్న మనిషి తమ దొడ్డిలో పోయాడు, తమ ఇంటి నుంచే పాడె లేవాలని నర్సింగమ్మ అన్నది. రెండిండ్లవాళ్లూ మోశారు. యాదయ్య మట్టి పెట్టాడు. మంద ఇప్పుడు వాడిది. గోపమ్మ సంతు గొర్రెలను ఏం చేయాలని నన్ను అడిగాడు. నీ ఇష్టం అన్నా.

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. ఏ చేత్తో అని అడిగినవు. మనిషి బతికి ఉన్నాడా అని అడగలేదు.

నువ్వు జీవితమంతా డిమాండ్లు రాసినవు. సర్కారుకు, దొరలకు, బడి పెద్దలకు. ఎట్లా రాయాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకొని నేర్పినవు. నెంబరు వేసి, ఒక్కో దాంట్లో ఒక్కటే మాట, బతిమాలుడు ఉండొద్దని. నావి ఇవి.

1. పుస్తకం వేయొద్దు. విజయవాడకు ఈ ఉత్తరం అందిననాడే రాయి.

2. చివరి భాగంలో కత్తి, పాట, అరచేయి నీవి కావని, అక్క రాసిన ఉత్తరంలో నుంచి అడగకుండా తీసుకున్నవని అదే పత్రికలో నీ పేరు పెట్టి అచ్చు వేయించు. ఎందుకు, ఏమిటని కథ చెప్పకు.

3. బీరన్న పశ్చాత్తాపపడ్డాడని ఎక్కడా రాయకు, ఎక్కడా మాట్లాడకు. పడలేదని కూడా రాయకు. ఆయన చెప్పలేదు.

4. నర్సింగమ్మ మాటలు ఆమెవి. ముట్టకు.

5. సంక్రాంతి సెలవులదాకా ఆగకు. ఈ నెలలోనే రాళ్లకుంటకు రా. యాదయ్య ముందర కూర్చో. వాడు ఏమన్నా విను. ఒక దెబ్బ కొట్టినా ఊకో. వాదించకు.

6. వచ్చేటప్పుడు కలం, కాగితం తేకు.

7. నా ఉత్తరాలన్నీ నాకు కావాలి. టప్పాలో పంపకు. నీ చేత్తో తెచ్చి నా చేతికి ఇయ్యి.

సోమమ్మ